తీగ వెంట నడిచిన పాట

సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేట తెలుగువాళ్ల చెవులకు ఇద్దరిని ఇచ్చింది. ఒకరు సినారెగా అందరికీ తెలిసిన సి. నారాయణరెడ్డి. 1931లో ఆ ఊళ్లో పుట్టి, సిరిసిల్ల బడిలో ఉర్దూ మీడియంలో చదువుకొని, 1962లో వచ్చిన ‘గులేబకావళి కథ’తో సినిమా పాటల్లో అడుగుపెట్టారు. మరొకరు ఒగ్గుకథకు పెద్దపేరు తెచ్చిన మిద్దె రాములు. సినారె పాట నల్లటి రికార్డుల మీదికెక్కి, సూది కింద తిరిగి, చెట్టుకు కట్టిన హారన్‌లోంచి ఊరంతా పరుచుకుంది. ఒగ్గు కళాకారులు మొదట్లో డోలు, తాళాల నడుమ సొంత గొంతుతోనే తెల్లవార్లూ కథ నడిపేవాళ్లు. తర్వాత వాళ్ల ముందుకూ మైకు వచ్చింది. ఆ పాటకైనా ఈ కథకైనా జనం దాకా చేరే దారిలో ఒక జంట వైరు ఉంది. పాట రాసినవాళ్లూ పాడినవాళ్లూ అందరికీ గుర్తున్నారు. ఆ వైరు లాగినవాళ్లను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో మైక్‌సెట్ల వాళ్లు, రేడియో మెకానిక్‌లు తరాలుగా పందిళ్ల కింద, డబ్బా షాపుల్లో నేర్చుకున్న విద్య చిన్నది కాదు. ఇంట్లో మంచి సౌండ్ సిస్టం పెట్టుకునేవాళ్లకు ఇవాళ మీటరుకు వేల రూపాయల స్పీకర్ కేబుల్ చూపించి, ఇది లేకపోతే పాట పాటే కాదన్నట్టు అమ్ముతున్నారు. ఏ వైరు సరిపోతుందో, ఎక్కడ డబ్బు దండగో ఈ మూడు ఊళ్ల మెకానిక్‌లు ఎప్పుడో తేల్చారు.

గ్రామఫోనుకు వైరుతో పని లేదు. చావి తిప్పితే స్ప్రింగు బిగుసుకుని రికార్డును తిప్పుతుంది, సూది కదలిక పలుచటి రేకును కదిలిస్తుంది, గొట్టం దాన్ని పెద్దది చేస్తుంది. ఇళ్లకు తీగను తెచ్చింది రేడియో. నిజాం సంస్థానంలో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో ప్రసారాలు మొదలుపెట్టింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. వాల్వు రేడియో ఉన్న ఇంటిని దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లు. పెంకుల మీద రెండు కర్రల నడుమ ఏరియల్ తీగ, గోడ పక్కన తడి మట్టిలోకి దిగిన ఎర్త్ తీగ. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టాల్సి వచ్చేది. కరెంటు లేని ఊళ్లో రేడియో పెట్టె కన్నా దాని బ్యాటరీ బరువు. అరవయ్యో దశకంలో ట్రాన్సిస్టర్లు ఆ బరువు దించాయి. పంచాయతీ రేడియో వచ్చాక గద్దె మీద కూర్చున్న పదిమందీ ఒకేసారి వార్తలూ వ్యవసాయం కబుర్లూ విన్నారు. ఆఫీసు గదిలో పెట్టె, బయట స్తంభానికి లౌడ్‌స్పీకరు. రెండింటి మధ్య తీగ పొడుగైంది.

అసలు కథ మైక్‌సెట్టుతో మొదలవుతుంది.

ఒక యాంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, ఒకటో రెండో హారన్‌లు, ఒక మైకు, లారీ బ్యాటరీ, చుట్టలు చుట్టలుగా వైరు: ఇదీ సరంజామా. ఢిల్లీలో 1940లో మొదలైన ఆహుజా కంపెనీ పేరు దేశమంతటా మైకుకే మారుపేరైంది. పెండ్లి పిలుపు రాగానే ఈ సామానంతా ఎడ్ల బండి మీదో సైకిలు మీదో ఊరికి చేరేది. హారన్‌ను వేపచెట్టు కొమ్మకో పొడుగాటి వెదురుకో కట్టి, ఒకటి ఊరి నడుమకు, ఇంకొకటి పక్క ఊరి వైపుకు తిప్పేవాళ్లు. తెల్లవారుజామున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం, పొద్దెక్కాక సినిమా పాటలు. 1974 తర్వాత చావు ఇళ్ల ముందు ఘంటసాల భగవద్గీత. ఏ పాట మోగుతుందో దాన్నిబట్టి పొలంలో ఉన్నవాళ్లకు ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసేది.

ఈ పనిలో నేర్పు అంతా వైరు దగ్గరే. మైక్‌సెట్టు మనిషి వైరును మోచేతికీ బొటనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుడతాడు. అలా చుట్టిన వైరు మళ్లీ విప్పినప్పుడు మెలికపడదు. మధ్యలో తెగితే అతుకు వేసే తీరు చూడదగ్గది. జంట వైరులో ఒక పోగును పొట్టిగా, రెండోదాన్ని నాలుగు వేళ్లు పొడుగ్గా కోస్తాడు. అవతలి ముక్కలో సరిగ్గా దీనికి తిరగేసి. రెండు అతుకులూ ఒకేచోట పడకుండా ముందూ వెనకా పడతాయి. ఆ తర్వాత పంటితోనో బ్లేడుతోనో ప్లాస్టిక్ ఒలిచి, సన్నటి రాగి పోగులు ఒక్కటీ తెగకుండా విడదీసి, ఎదురెదురుగా చొప్పించి బిగించి మెలిపెడతాడు. పైన టేపు. అంత జాగ్రత్త ఎందుకంటే అతుకులు రెండూ తగిలితే షార్టై యాంప్లిఫయరు కాలుతుంది. పోగులు తెగితే అక్కడ తీగ సన్నబడి పాట పలుచబడుతుంది. ఇవాళ ఇంట్లో స్పీకరు పెట్టుకునేవాళ్లు కూడా ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

దూరం విషయంలో ఆ మెకానిక్‌ల లెక్క మరీ గట్టిది. రాగికి కూడా ఎంతో కొంత నిరోధం ఉంటుంది. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగితీగ నిరోధం సుమారు 0.0172 ఓములు. పందిరి నుంచి 150 మీటర్ల దూరంలో హారన్ ఉందనుకుంటే పోయే తీగ, వచ్చే తీగ కలిపి 300 మీటర్లు. అంటే 5 ఓముల పైచిలుకు. ఎనిమిది ఓముల స్పీకరుకు 50 వాట్లు పంపాలంటే 20 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్ల కరెంటు పారాలి. ఆ లెక్కన తీగలోనే 32 వాట్లు వేడిగా పోతాయి. పాట తీగకు, మిగిలింది ఊరికి.

దీనికి విరుగుడు లైన్ ట్రాన్స్‌ఫార్మర్. యాంప్లిఫయరు దగ్గర వోల్టేజీని 100కు పెంచి, హారన్ దగ్గర మళ్లీ దించితే అదే 50 వాట్లకు అర ఆంపియరు చాలు. కరెంటు అయిదో వంతైతే నష్టం ఇరవై అయిదో వంతవుతుంది. 32 వాట్ల చోట ఒకటింబావు వాటు. పెద్ద సబ్‌స్టేషన్ల నుంచి ఊళ్లకు కరెంటు ఎక్కువ వోల్టేజీలో వచ్చి, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దిగేది కూడా ఈ సూత్రం మీదే. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు లాంటి క్షేత్రాల్లో జాతర రోజుల్లో ఒకే గొంతు అన్ని మూలలా వినిపించాలంటే ఇలాంటి లైను తప్పదు. గుడి మైకులో తప్పిపోయిన పిల్లవాడి పేరు పిలుస్తుంటే తల్లి పరుగున వచ్చేది ఆ లైను పుణ్యమే.

కరెంటు సంగతి వచ్చింది కాబట్టి సిరిసిల్లకు దేశంలోనే అరుదైన ఒక గౌరవం ఉందని చెప్పుకోవాలి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక దేశంలో అయిదు చోట్ల ప్రయోగంగా విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు: కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా-ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల. 1970లో మొదలైన ఈ సంఘాన్ని జనం ‘సెస్’ అంటారు. వినియోగదారులే సభ్యులు, వాళ్లు ఎన్నుకున్నవాళ్లే పాలకవర్గం. అది ఇవాళ్టికీ పనిచేస్తోంది. సెస్ తీగలు ఊళ్లోకి వచ్చాక బావుల దగ్గర మోటార్లు, పట్టణంలో మరమగ్గాలు, పందిట్లో సీరియల్ బల్బులు, కరెంటు మీద నడిచే యాంప్లిఫయర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సిరిసిల్లలో వైండింగ్, వైరింగ్ తెలిసిన చేతులు ఎక్కువగా ఉండటం వింత కాదు. మగ్గం మోటారు ఆగితే పూట గడవని ఊరు అది.

మగ్గాల షెడ్డులో మాత్రం పాటకు చోటు లేదు. అక్కడ ఒకరి మాట ఒకరికి వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. పాట వినిపించేది బీడీలు చుట్టే ఇళ్లలో. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాకిళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట, పక్కన తునికాకుల కట్ట, దారపు ఉండ పెట్టుకుని గంటల తరబడి కూర్చునేవాళ్లు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. రేడియో ఆ ఖాళీని నింపింది. వాకిట్లో కూర్చున్నవాళ్లకు లోపలి గదిలోని రేడియో సరిగా వినిపించక, దాని వెనక నుంచి రెండు తీగలు లాగి గుమ్మం పైన ఇంకో స్పీకరు బిగించుకున్న ఇళ్లున్నాయి. ఈ ప్రాంతంలో హై-ఫైకి మొదటి మెట్టు అదే.

రెండో మెట్టు ఎడారి మీదుగా వచ్చింది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ వలసకు మూడు దిక్కులు చెబుతారు. సిరిసిల్ల పద్మశాలీలకు భీవండి, బొంబాయి మిల్లులతో పాత సంబంధం. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టుబడి పనులు జోరందుకోగానే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మనుషులు అటు కదిలారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు దుబాయి పోయినవాడు లేని వాడకట్టు కనిపించదు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే మనిషి బొంబాయి విమానాశ్రయంలో దిగి, బస్సెక్కి ఊరికి చేరేసరికి అతని సామానులో ఒక అట్టపెట్టె తప్పకుండా ఉండేది. నేషనల్ పానాసోనిక్, సోనీ, సాన్యో, షార్ప్, అకాయ్. టూ-ఇన్-వన్ అయితే రేడియో, టేపు ఒకే పెట్టెలో. కాస్త సంపాదించినవాడైతే విడి స్పీకర్ల డెక్.

ఆ టేపుకు పాట ఒక్కటే పని కాదు. అక్షరాలు రాని భర్త కూలీల క్యాంపులో కూర్చుని క్యాసెట్‌లోకి మాట్లాడి, ఊరికి వచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాడు. ఇంటి దగ్గర తల్లి, భార్య, పిల్లలు చుట్టూ చేరి వినేవాళ్లు; మరో వైపు తాము మాట్లాడి తిరిగి పంపేవాళ్లు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్ ఇక్కడ ఉత్తరమైంది. తర్వాతి రోజుల్లో అదే క్యాసెట్ జానపదాన్నీ ఉద్యమ పాటనూ ఊరూరా తిప్పింది. సంగీత కంపెనీల గుమ్మం ఎక్కని గొంతులు బస్టాండు షాపుల్లో అమ్ముడుపోయాయి. తెలంగాణ పాట చరిత్రలో గల్ఫ్ కార్మికుడి టేపురికార్డరుకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

విడి స్పీకర్ల డెక్‌తో పాటు పెట్టెలో సన్నటి వైరు వచ్చేది. రెండు మూడు మీటర్లు. అంతవరకూ అది చాలు. కానీ మనవాళ్ల ఇల్లు దుబాయి గది కాదు. ఒక స్పీకరు హాల్లో, ఇంకోటి వాకిట్లో పెట్టాలి. బతుకమ్మ నాడు రెండూ వీధి వైపే తిరగాలి. చేతికి దొరికిన వైరే అతికించారు, టెలిఫోను తీగో బెల్లు తీగో. అర మిల్లీమీటరు మందం టెలిఫోను తీగను పది మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం 1.7 ఓములు దాటుతుంది. ఎనిమిది ఓముల స్పీకరుకు అది చాలా ఎక్కువ. పాట చిన్నబోతుంది, డోలు దెబ్బ బిగువు పోయి సాగుతుంది. బాక్సులు పాడయ్యాయని పట్టుకొస్తే మెకానిక్ మొదట చూసేది బాక్సులను కాదు, వాటికి తగిలించిన తీగను.

మెకానిక్ భాషలో వైర్లకు అంకెలే పేర్లు: 14/76, 23/76, 40/76. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు మందం, అంగుళంలో పదివేలవ వంతుల్లో. 23/76లో రాగి అడ్డుకోత మొత్తం 0.67 చదరపు మిల్లీమీటర్లు, 40/76లో 1.17. ఇంట్లో ఎనిమిది ఓముల బాక్సులకు అయిదు మీటర్లలోపు 23/76, పది మీటర్ల దాకా 40/76 వేస్తే వైరు నిరోధం స్పీకరు నిరోధంలో నాలుగు శాతం లోపే ఉంటుంది. అమెరికాలో పేరున్న మెకింతోష్ యాంప్లిఫయర్ల కంపెనీలో స్పీకర్ల పరిశోధనకు సారథిగా పనిచేసిన రోజర్ రసెల్ పెట్టిన హద్దు అయిదు శాతం. బస్టాండు పక్క డబ్బాలో కూర్చున్న మెకానిక్ ఆ పేరు వినకపోయినా, చెవితో తేల్చుకున్న జవాబు అదే హద్దు లోపల ఉంది.

ఆ డబ్బాలను హై-ఫై చరిత్ర నుంచి తీసేయడానికి వీల్లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి ట్రాన్సిస్టర్లు, ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ట్రూప్ బజార్ నుంచి వైర్లు తెచ్చి, రేకు డబ్బాలో బిగించి, ముందు రెండు నాబ్‌లు పెడితే అసెంబుల్డ్ యాంప్లిఫయరు తయారు. మొదట 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, తర్వాత సాన్యో వారి ఎల్‌ఏ4440 ఐసీ దేశమంతా ఇలాంటి వేల పెట్టెలను నడిపించాయి. కంపెనీ సెట్టు కొనలేనివాళ్ల ఇంట్లోకి స్టీరియో వచ్చింది వీటి వల్లే. బాక్సుకు డబ్బు లేకపోతే మట్టికుండ ఉంది. స్పీకరు కాగితం ముందుకు తోసే గాలి, వెనక్కి తోసే గాలి కలిసిపోతే మంద్రస్వరం చచ్చిపోతుంది. కుండ మూతి మీద స్పీకరును బిగిస్తే వెనక గాలి లోపలే ఆగిపోతుంది. పాటకు గుండె వస్తుంది. చక్క బాక్సులో జరిగేదీ అదే భౌతికశాస్త్రం.

ఇంకో చిట్కా. రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తారుమారైతే ఒకటి ముందుకు ఉబికినప్పుడు ఇంకొకటి వెనక్కి పోయి డోలు మోత మాయమవుతుంది. గుర్తు చెరిగిపోయిన పాత స్పీకరుకు మెకానిక్ ఒకటిన్నర వోల్టు సెల్లును ఒక్క క్షణం తాకిస్తాడు. కాగితం ముందుకు వస్తే సెల్లు ప్లస్ తగిలిన చోటే స్పీకరు ప్లస్. అక్కడ ఎర్ర చుక్క పెడతాడు. ఖర్చు లేని ఈ పరీక్ష చేసుకోకుండా ఖరీదైన కేబుల్ కొన్నవాళ్లకు ఆ కేబుల్ ఏమీ చేయలేదు.

ఖరీదైన కేబుల్ అనే వ్యాపారం నిజానికి అంత పాతదేమీ కాదు. డెబ్బయ్యో దశకం దాకా అమెరికాలో కూడా టేబుల్ లైటుకు వాడే మామూలు జంట వైరే స్పీకర్లకు వేసేవాళ్లు. ఆ దశకం చివర్లో నోయెల్ లీ అనే ఇంజనీరు మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టి లావుపాటి తీగను ప్రత్యేక సరుకుగా అమ్మాడు. లావు తీగ మంచిదన్న మాటలో అబద్ధం లేదు. 1983లో ‘స్టీరియో రివ్యూ’ పత్రిక ఏ వైరు మోగుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించి పరీక్ష చేయించింది. బాగా సన్నటి 24 గేజీ తీగను శ్రోతలు పట్టుకున్నారు. మాన్‌స్టర్ కేబుల్‌కూ, 16 గేజీ మామూలు లైటు వైరుకూ సంగీతం వింటూ తేడా చెప్పలేకపోయారు. 16 గేజీ అంటే సుమారు 1.3 చదరపు మిల్లీమీటర్లు. మన 40/76కు దగ్గరి చుట్టం.

కాబట్టి ఇవాళ కొనేవాళ్లు చూడాల్సినవి పెద్దగా లేవు. నాలుగు ఓముల స్పీకర్లున్నా, దూరం పది మీటర్లున్నా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకుంటే దాన్ని మించి ఆలోచించే పని లేదు. ఆక్సిజన్ లేని రాగి అని అట్ట మీద రాస్తారు. మామూలు కరెంటు రాగితో పోలిస్తే దాని వాహకత ఒక శాతం అటూ ఇటూ మాత్రమే ఎక్కువ. దానికోసం పదింతలు పెట్టనక్కర్లేదు. పెట్టాల్సింది కల్తీ మీద కన్ను. అల్యూమినియం తీగకు పైన పలుచగా రాగి పూత పూసి స్పీకర్ వైరుగా అమ్ముతున్నారు. చూడటానికి ఎర్రగానే ఉంటుంది. దాని నిరోధం అచ్చమైన రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెలుపు బయటపడుతుంది. చుట్టను చేత్తో లేపితే తేలిగ్గా ఉంటుంది. ఏ ధరకు ఏం కొంటున్నామో తెలియాలి కదా. వైరు మందం ముద్రించని చుట్టను కొనకపోవడమే మేలు.

మైక్‌సెట్ల కాలం మెల్లగా వెనకబడింది. 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి; 2005 జులైలో సుప్రీంకోర్టు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని తీర్పు చెప్పింది. ముసలివాళ్లకూ, పరీక్షలకు చదువుకునే పిల్లలకూ అది మేలే చేసింది. హారన్ పోయి డీజే బాక్సులు వచ్చాయి. ఇళ్లలో డెక్ పోయి బ్లూటూత్ డబ్బా వచ్చింది. దానికి స్పీకరు వైరుతో పని లేదు. పాత మెకానిక్‌లలో కొందరు సెల్‌ఫోన్ల రిపేరుకు మళ్లారు, కొందరు షాపు మూసేశారు. వాళ్ల దగ్గర సర్క్యూట్ పుస్తకాలు లేవు. ఏ యాంప్లిఫయరుకు ఏ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందో, ఏ హారన్‌కు ఎంత దూరం ఏ వైరు లాగాలో అంతా నోటి లెక్క, చేతి లెక్క.

కొండగట్టు పక్కన నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో డిగ్రీ కాలేజీలున్నాయి. అక్కడి ఎలక్ట్రానిక్స్, చరిత్ర విద్యార్థులు ఒక ఏడాది ప్రాజెక్టుగా ఈ మెకానిక్‌ల దగ్గర కూర్చుని, అటకల మీది అసెంబుల్డ్ యాంప్లిఫయర్లను దింపించి, వాటి సర్క్యూట్లు గీసి, మాటలు రికార్డు చేసి పెట్టాలి. ఇంటి మూలన పాత హారనో, దుబాయి నుంచి వచ్చిన క్యాసెట్ ఉత్తరమో ఉన్నవాళ్లు దాన్ని పాత సామాన్ల వాడికి వేయకండి. ఆ పిల్లలు వచ్చినప్పుడు చూపించండి.